ఇసుక చక్రాలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. చేపల బుట్టకు తీసినట్టు నా రాతలకూ కొంత తరుగు తీసి చదవండి.

బరంపురంలో పాలిటెక్నిక్ చదివే మా అమ్మాయికి వాళ్ల జట్టు రోబో చక్రాల బాధ్యత అప్పజెప్పారు. పోటీకి పంపే ముందు అది కాలేజీలోని నున్నటి ప్లైవుడ్ వాలు ఎక్కి చూపించాలి. అవకాశాలు రెండే. ఎక్కకపోతే చక్రాల పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

సోనేపూర్‌లో పడవ ఉన్న మా బావమరిది సంగతి విని తేల్చేశాడు.

"సక్రం ఎడల్పుండాల, దానికి పళ్లుండాల. ఇసకలో ఎల్లింది ఇంకేటెక్కదు?"

తీరాన పుట్టినవాళ్లం, ఏ బండికైనా మాకు ఇసుకే పరీక్ష. పెళ్లి అన్నం వండే డేగిశాలంత ప్లాస్టిక్ చక్రాలు బిగించి ఒడ్డున నడిపితే, పీతలు గోపాల్‌పూర్ దాకా పరుగెత్తాయి.

కాలేజీలో మాత్రం పళ్లు గరగరమన్నాయి, రోబో ఉన్నచోటే నిలబడి చక్రాలు తిప్పుకుంది. తర్వాత మర్యాదగా వెనక్కి జారింది.

"అది సముద్రం కాదు నాన్నా, ప్లైవుడ్డు," అంది అమ్మాయి. మిగిలింది ఒక్క అవకాశం, అదీ మర్నాడు మధ్యాహ్నం.

పొద్దున్నే వరండాలో కూర్చున్నాం. చక్రం చిన్నదైతే మోటారుకి లాగే బలం మిగులుతుందని ఈసారి చిన్న చక్రాలు తీసింది అమ్మాయి. నేను పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోశాను. చక్రానికి గరుకు కాగితం రుద్ది, పంక్చర్ సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, పట్టీ లాగి తొడగాలి. నా పది వేళ్లూ అంటుకుపోయి రెండే మిగిలాయి. నడుము ఏ యుగంలోనో వదిలేసి వెళ్లిపోయింది.

"ఇంకెన్నున్నాయమ్మా?"

"రెండే."

"ఇందాకా రెండే అన్నావు!"

"ఇందాకటియి ఊడిపోనాయి కదా, నాన్నా. మాటలాపి పట్టుకో."

మధ్యాహ్నం రోబో వాలు ఎక్కింది. పింఛను ఫైలు పై అధికారి దగ్గరికి వెళ్లినంత నెమ్మదిగా, కానీ జారకుండా. చక్రాల పని అమ్మాయి దగ్గరే ఉండిపోయింది. తను రిమోటు కింద పెట్టి నా సీసాలో నీళ్లన్నీ తాగేసింది. సంతోషించడానికి నాకు ఓపిక లేక, గోడకి చేరబడ్డాను.

"ఇది కూడా రాసీస్తావు, నాకు తెల్దేటి?" అంది. "రాసుకో. ఆ పళ్ల సక్రాలు ఎవులు ఎంచారో మాత్రం నిజం సెప్పు."

సరే. బావమరిది ఆ రోజు చేపల వేటకెళ్లాడు, చక్రాల ఊసే ఎరగడు. ఆయన నోట పెట్టిన ఆ మాట నాది, ఆ చక్రాలు ఎంచిందీ నేనే.