ఎనిమిది మగ్గాలకు వచ్చిన పెద్ద ఆర్డరు

నాన్న పోయాక మగ్గాల కొట్టం అమ్మ పేరు మీదికి వచ్చింది. బయటి తిరుగుడంతా అన్నదే. ఆ రోజుల్లో రాజపాళయంలో మా ఇళ్ళ ఆడవాళ్ళు వీధి వాకిలి దాటి బేరాలకు వెళ్ళేవాళ్ళు కాదు. అయితే కొట్టం మా పెరటి గోడకు అవతలే ఉండేది. ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో, ఏది ఆగిందో అమ్మ వంటింట్లోంచే చప్పుడు విని చెప్పేది. మొత్తం ఎనిమిది మగ్గాలు. వాటి మీద బ్యాండేజీ గుడ్డ నేసేవాళ్ళు. యుద్ధం మొదలయ్యాక ఆ గుడ్డకు గిరాకీ పెరిగింది. నూలు ధర అంతకన్నా వేగంగా పెరిగింది.

నన్ను ఇచ్చింది రెండు వీధుల అవతలికే. మా అత్తగారింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ దగ్గరికి వెళ్ళి సాయంత్రం దాకా ఉండేదాన్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కాగితం మీద రాసేదంతా అరవం. అమ్మకు ఆ చదువు రాదు. నాన్న అన్నకూ నాకూ కలిపి లెక్కలు రాయడం నేర్పారు కాబట్టి, అన్న రాసిన చిట్టాను వారానికొకసారి అమ్మకు చదివి వినిపించడం నా పని అయింది. అన్న లెక్కల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. ప్రతి పైసా రాసేవాడు.

ఒక ఉదయం మదురై నుంచి ఒక జవుళి వ్యాపారి వచ్చాడు. ఆయన ఇంట్లోనూ మన భాషే. మిలిటరీ ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ సరఫరా చేసే కాంట్రాక్టు తీసుకున్నాడట. మా ఎనిమిది మగ్గాలూ నాలుగు నెలలు ఆగకుండా ఆడేంత ఆర్డరు ఇస్తానన్నాడు. డబ్బు మాత్రం, మిలిటరీ వాళ్ళు గుడ్డ చూసి ఒప్పుకుని, బిల్లు పాసయ్యాకే. వారంలో జవాబు చెప్పమని వెళ్ళిపోయాడు.

అన్న ఆ రోజు అన్నం సరిగా తినలేదట. ఆకు ముందు కూర్చునే గజానికి ఎంత మిగులుతుందో వేళ్ళ మీద లెక్క వేశాడు. "పోయిన ఏడు మొత్తానికి వచ్చిన లాభం దీంట్లో నాలుగు నెలల్లో వస్తాదమ్మా" అన్నాడు.

అమ్మ మజ్జిగ పోస్తూ అడిగింది: "సరి. నూలు కొనేదానికి దుడ్డు ఉండాదా?"

"లాభంలో నడిచే కొట్టం. దుడ్డు ఎట్ల లేకుండా పోతాది?"

నేను మధ్యాహ్నం వెళ్ళేసరికి అమ్మ చిట్టా, పేర్లవారీ ఖాతా పుస్తకం రెండూ చాప మీద పెట్టుకుని కూర్చుంది. "లాభం నాకు చదవొద్దు పాపా. ఈ నెల మనం ఇయ్యల్సిన వాళ్ళంతా వచ్చి నిలబడితే, ఇచ్చి పంపగలమా, అది చూసి చెప్పు" అంది.

అలా అడిగితే పుస్తకాన్ని వేరే రకంగా చదవాలని నాకు అప్పుడే తెలిసింది. మాకు రావలసిన బాకీలు చాలానే ఉన్నాయి. కానీ ఒక్కొక్కరి పేరు దగ్గర ఆగి, వాళ్ళు ఇంతకు ముందు ఏ తేదీలకు ఇచ్చారో చిట్టాలో వెనక్కి వెతికాను. విరుదునగరం వ్యాపారి ఎప్పుడూ నెల తిరక్కుండా ఇచ్చాడు. ఆయన బాకీని పెట్టెలో ఉన్న రొక్కంతో కలిపాను. సేత్తూరు అంగడివాడు ఏడాదిగా ఒక్క రూపాయి కట్టలేదు. మంసాపురంలో పత్తికి మేము బయానా ఇచ్చిన రైతు పంట చేతికొస్తే గానీ తిరిగి ఇవ్వలేడు. ఆ రెండూ పక్కన పెట్టాను. వెనక గదిలో నేసి పెట్టిన గుడ్డ ఉంది. అమ్మితే డబ్బే, కానీ ఎప్పటికి అమ్ముతామో తెలియదు. దాన్నీ విడిగా రాశాను. రెండో వైపు నూలు అంగడి బాకీ, నాలుగు శనివారాల కూలి వేశాను.

చేతికి వచ్చేది నాలుగు వందలు దాటలేదు. ఇవ్వవలసింది ఐదు వందల పైచిలుకు. ఆర్డరు కోసం కొనాల్సిన నూలు ఇంకా లెక్కలోకే రాలేదు.

మళ్ళీ మొదటి నుంచి కూడి చూశాను. అంతే వచ్చింది.

సాయంత్రం అన్న వచ్చాక అమ్మ నా కాగితం అతని ముందు పెట్టమంది. అన్న నిలబడే చదివాడు.

"సేత్తూరు బాకీ ఎందుకు తీసేస్తివి?"

"తీసెయ్యలేదన్నా. ఈ నెలలో వచ్చేది కాదని పక్కన పెట్టినాను."

"గుడ్డ?"

"అది ఈ నెలలో అమ్మితేనే దుడ్డు."

అన్న ముఖం ఎర్రబడింది. "నాయన ఉండి ఉంటే ఈ ఆర్డరు వదిలుండడు" అన్నాడు.

"వదలమని నేను చెప్పలేదే" అంది అమ్మ. "కూలి వాళ్ళకు శనివారం ఇయ్యాల్సిందే. వాళ్ళకు పోయి మిలిటరీ బిల్లు పాస్ కాలేదని చెప్తావా?"

మరుసటి రోజు అమ్మ గదిలోని గుడ్డను గజానికి కాస్త ధర తగ్గించి రొక్కానికి అమ్మేయించింది. ఆ నెల గడవడానికి అది సరిపోయింది.

వారానికి వ్యాపారి వచ్చాడు. అమ్మ లోపలి గది తలుపు వెనక నిలబడి తానే మాట్లాడింది. అడ్వాన్సు అడిగింది. ఆయన ఎవరికీ ఇవ్వడం లేదన్నాడు. అప్పుడు అమ్మ, "అట్లయితే నూలు మీరే తెచ్చి వెయ్యండయ్యా. మేము నేసి ఇస్తాము. నేసిన కూలి వారం వారం ఇచ్చేయండి. గుడ్డ మీది, బిల్లు మీది" అంది.

"మీకు మిగిలేది చాలా తక్కువమ్మా" అన్నాడు వ్యాపారి.

"పరవాలేదు."

అన్న ముందు గదిలో తల వంచుకుని కూర్చున్నాడు. సొంత సరుకు అమ్మే కొట్టాన్ని కూలికి నేసే కొట్టంగా మార్చడం అతనికి తల కొట్టేసినట్టయింది. వ్యాపారి ఆలోచించుకుంటానని వెళ్ళి, పది రోజుల తర్వాత నూలు బేళ్ళు బండి మీద పంపించాడు. అన్న వాటిని దింపించుకున్నాడు గానీ నాతో మాట్లాడటం మానేశాడు. నేను వస్తే కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. నాకు బాధగానే ఉండేది, అయినా మధ్యాహ్నాలు వెళ్ళడం మానలేదు.

నాలుగు నెలలు అనుకున్న పని ఏడు నెలలు సాగింది. రంగు బాగాలేదని కొంత గుడ్డను మిలిటరీ వాళ్ళు తిప్పి పంపారు. వ్యాపారి బిల్లు ఆగిపోయింది. మాకు ఇవ్వాల్సిన కూలి మాత్రం ఆయన ఒకటి రెండు వారాలు తప్ప ఆపలేదు. దీపావళికి నేతగాళ్ళందరికీ అమ్మ వేష్టి పంచెలు ఇప్పించింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అన్న తానే పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "సేత్తూరు వాడు సగం కట్టినాడు. దీన్ని ఏ పక్క వేస్తావు?" అన్నాడు. కట్టిన సగాన్ని రొక్కంలో వేసి, మిగతాది ఇంకా పక్కనే ఉంచానని చెప్పాను. సరి అన్నాడు.

ఇదంతా అమ్మ ముందుచూపు అని మా బంధువుల్లో ఒక మాట నిలిచిపోయింది. నేను అంత గట్టిగా చెప్పలేను. మా వీధిలోనే ఇంకొకాయన అదే వ్యాపారి దగ్గర సొంత నూలుతో ఆర్డరు ఒప్పుకున్నాడు. భార్య నగలన్నీ కుదవ పెట్టి ఆ ఏడు నెలలూ లాక్కొచ్చాడు. చివరికి బిల్లు పాసై లాభం చేతికొచ్చింది. యుద్ధం ముగిసేనాటికి ఆయన దగ్గర ఇరవై మగ్గాలు ఆడుతున్నాయి. మావి ఎనిమిదే. అన్న ఆ కొట్టం ముందు నుంచి సైకిలు మీద వెళ్ళేటప్పుడు అటు చూసేవాడు కాదు.