తాంబేలుగుట్టకు మేమే వేసిన బాట

మోకాళ్ల నొప్పులకు నడకే మందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీదికి వెళ్తున్నాను. మొన్న అలా నడుస్తుంటే, అందరూ ఒకే రంగు బనియన్లు వేసుకుని, తలకు హెల్మెట్లు పెట్టుకుని, పదిమంది దాకా పిల్లలు సైకిళ్ల మీద నన్ను దాటిపోయారు. అందరికంటే వెనకబడ్డ ఒక అమ్మాయి సైకిల్ చైను సరిగ్గా నా ముందరే ఊడిపోయింది. ఆ పిల్ల ఫోను తీసి ఎవరినో పిలవబోతుంటే, వెనక చక్రం కాస్త పైకెత్తి పట్టుకోమని చెప్పి, పెడలు వెనక్కు తిప్పి చైను ఎక్కించేశాను. "అమ్మమ్మా, నీకు సైకిల్ తొక్కస్తదా?" అని ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. వస్తుందనైతే చెప్పాను కాని, ఇంటికొచ్చి చేతికంటిన నూనె కడుక్కుంటూ ఎంతసేపు నల్లా దగ్గర నిలబడిపోయానో నాకే తెలియదు.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో కరీంనగర్‌లో ఆడపిల్ల సైకిలెక్కిందంటే బజారంతా తల తిప్పి చూసేది. మా బాపు మిషన్ దవాఖానలో కాంపౌండరు. మెథడిస్టు సంఘంలో నలుగురూ గౌరవించే మనిషి కనుక, ఆ నలుగురూ ఏమంటారోనన్న భయం కూడా ఆయనకు ఎక్కువే. నేను టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో, బడి రెండు మైళ్ల దూరమని, మా అన్న ఎక్కడి నుంచో పాత లేడీస్ సైకిలొకటి తెచ్చి, దవాఖాన వెనక మైదానంలో సాయంత్రాలు నాకు నేర్పాడు. సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తుతూ, పట్టుకున్నా పట్టుకున్నా అంటూనే ఎప్పుడో వదిలేసేవాడు. బాపు వద్దన్నప్పుడు అన్న ఒక్కటే మాటన్నాడు, "నేనుంట గదా బాపూ, నా చెల్లెను నేను చూసుకోనా?" ఆ మాటతో బాపు ఊరుకున్నాడు. నేను కూడా ఆ మాటనే పట్టుకుని చాలా ఏళ్లు బతికాను.

సైకిల్ సంఘం పెట్టడం మా అన్న ఆలోచనే. రోడ్డు పనుల కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేసేవాడు, జిల్లాలో తిరగని దారి లేదు. ఊరికే ఇంట్లో పడుకుంటే ఏమొస్తుందని, తెలిసినవాళ్లను పదీ పన్నెండు మందిని కూడగట్టాడు. బాపు దోస్తుల కొడుకులు, మా చిన్నమ్మ కొడుకు, మా బడిలో నాతో పాటు పనిచేసే నా స్నేహితురాలు. ఆమెది సిరిసిల్లలో మగ్గాల కుటుంబం. సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడు లేని చోట తనకు నిద్ర పట్టదని నవ్వుతూ చెప్పేది. మాకు ఆదివారం చర్చి తప్పదు కనుక మా ప్రయాణాలన్నీ రెండో శనివారమే. ఆడవాళ్లం ఇద్దరమే అయినా ఎవరూ మమ్మల్ని బరువుగా చూడలేదు. సద్ది మూటలు హ్యాండిలుకు కట్టుకుని, తెల్లవారే లోపలే ఊరు దాటేవాళ్లం.

వేములవాడకు వెళ్లాం. ధర్మపురికి వెళ్లాం. ధర్మపురిలో మిగతావాళ్లు గుళ్లోకి వెళితే అన్నా నేనూ గోదారి ఒడ్డున చెప్పులకూ సైకిళ్లకూ కాపలా కూర్చునేవాళ్లం. వాళ్లు తెచ్చిన ప్రసాదం మొహమాటం లేకుండా తినేసి, ఇంటికి వెళ్లాక అవ్వకు, అంటే మా అమ్మకు, మాత్రం చెప్పేవాళ్లం కాదు. ఒకసారి దసరా సెలవుల్లో సైకిళ్లన్నీ బస్సు మీదికెక్కించి నిర్మల్ దాకా పోయి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు తొక్కుకుంటూ ఎక్కి, ఆదిలాబాదు అడవుల్లో రెండు రోజులు నడిచాం. టేకాకులు గొడుగుల్లా పట్టుకుని వానలో నిలబడ్డాం. ఘాట్ మీద చాయ్ హోటలతను సగం మరాఠీ సగం తెలుగులో, సుఖాన ఉండలేక ఈ కష్టమెందుకని మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు బాసర పోయి, అక్కడి గోదారి నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంటే, ఎక్కిన ఘాటంతా ఒంట్లోంచి దిగిపోయినట్టయింది.

ఎక్కడికి వెళ్లినా అన్న అందరికంటే చివర వచ్చేవాడు. ముందుపోయేవాడు దారి చూసుకుంటాడు, వెనకపడ్డవాళ్లకే మనిషి కావాలనేవాడు. గాలి పంపు, పంక్చరు సామాను అతని దగ్గరే ఉండేవి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని అతను మొదటి నుంచీ అలాంటివాడేనని మీరు అనుకుంటారని. అలాంటివాడు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అన్ని చోట్లకంటే మాకు ఇష్టమైనది తాంబేలుగుట్ట. ఊరికి పదిహేను మైళ్ల దూరంలో, చెలకల మధ్య నిజంగానే తాబేలు పడుకున్నట్టు ఉండేది. పైన తలలాంటి బండ. దాని పక్కన ఎండాకాలంలో కూడా నీళ్లుండే చిన్న దొన. గుట్టంతా సీతాఫలం చెట్లు. దసరా నుంచి దీపావళి దాకా ఆ ఊరి ఆడవాళ్లు గంపల్లో కాయలు తెచ్చి మా కరీంనగర్ అంగట్లో అమ్ముకునేవారు. ఏడాదిలో వాళ్ల చేతుల్లో తమదంటూ పైసా ఆడేది ఆ నెల రోజులే. గుట్ట కింద మొదటి ఇల్లు ఒక ముసలమ్మది. అందరూ పెద్దవ్వ అంటుంటే మేమూ పెద్దవ్వ అనే పిలిచేవాళ్లం. మేం దిగొచ్చేసరికి కుండెడు అంబలి ఉల్లిగడ్డతో సిద్ధంగా ఉంచేది. నన్ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, "పెండ్లెప్పుడు బిడ్డా? గిట్ల గుట్టలెక్కుకుంట తిరిగితె ఎవ్వడు చేసుకుంటడు?" అని నవ్వి, మళ్లీ తనే, "తిరుగు తియ్, మేమేం తిరిగినం" అనేది.

ఒక చలికాలం అన్న ఇద్దరు కొత్తవాళ్లను తీసుకొచ్చాడు. సంఘంలో చేరతారన్నాడు కాని వాళ్లకు సైకిళ్లు లేవు, జీపులో వచ్చారు. మేమంతా దొన దగ్గర సద్దులు విప్పుకుంటే వాళ్లు బండల చుట్టూ తిరుగుతూ, చిన్న సుత్తితో కొట్టి, పగిలిన రాయి ముక్కలు సంచిలో వేసుకున్నారు. చెట్లు పెంచే సంస్థ వాళ్లని, గుట్టను తోటలా చేయాలని చూస్తున్నారని అన్న చెప్పాడు. చెట్లు పెంచేవాళ్లకు రాయితో ఏం పనని నా స్నేహితురాలు అడిగితే, మట్టి ఎలాంటిదో రాయి చెబుతుందట అన్నాడు. మాకు అదీ సబబుగానే తోచింది.

ఆ తర్వాతే గుట్ట మీదికి బాట వేద్దామన్నాడు. ముసలివాళ్లూ పిల్లలూ కూడా ఎక్కేటట్టు, మన సంఘం పేరు నాలుగు కాలాలు ఉండేటట్టు మనమే శ్రమదానం చేద్దామన్నాడు. ఊళ్లోవాళ్లకు మాత్రం అనుమానం వచ్చింది. తమ గుట్టకు తమకు లేని బాట బయటివాళ్లకెందుకని నలుగురు మగవాళ్లు అడ్డం నిలబడ్డారు. అన్న నన్ను పక్కకు పిలిచి, "నువ్వు పోయి పెద్దవ్వతోని మాట్లాడు చెల్లె. ఆడోళ్లు ఒప్పుకుంటె మొగోళ్లు ఊకుంటరు" అన్నాడు. పోయి మాట్లాడాను. చెట్లు ఇంకా పెడతారట, కాయలు దించుకోవడానికి మీకే సులువు అని, అన్న నాకు చెప్పిన మాటలే చెప్పాను. పెద్దవ్వ నా మొహం చూసింది. "నువ్వు జెప్తున్నవ్ గదా బిడ్డా" అంది. అంతే, ఆ పూటే ఆడవాళ్లంతా పలుగూ పారలతో మాతో పాటు వచ్చారు.

ఆ చలికాలమంతా రెండో శనివారాలు, పండుగ సెలవులు మేం గుట్టమీదే గడిపాం. ముళ్లకంప కొట్టాం, గుండ్లు దొర్లించాం, తట్టలతో మొరం ఎత్తిపోశాం. అరచేతులు బొబ్బలెక్కితే బాపు దవాఖాన నుంచి మందు తెచ్చి పూశాడు. బాట ఎందుకింత వెడల్పని మా చిన్నమ్మ కొడుకు అడిగితే, రేపు ఎడ్లబండి కూడా ఎక్కాలి గదరా అని అన్న నవ్వాడు. తలబండ దాకా బాట పూర్తయిన రోజు పెద్దవ్వ చేతికర్రతో తనే నడిచి పైకొచ్చి, పెళ్లయి వచ్చిన ఏడాది ఎక్కానని, మళ్లీ ఇన్నేళ్లకు ఇప్పుడేనని, దొన నీళ్లు తల మీద చల్లుకుంది. అన్న ఆమెను ఎత్తుకున్నంత పని చేసి కిందికి దింపాడు.

పరీక్షల పనీ, ఎండలూ కలిసి మూడు నాలుగు నెలలు మేం అటు పోలేదు. బడులు తెరిచాక, మొదటి వానలు పడ్డాయని, దొన నిండి ఉంటుందని నేనూ నా స్నేహితురాలూ పోదామనుకున్నాం. అన్న తనకు పనుందన్నాడు. మమ్మల్నీ వద్దన్నాడు కాని ఎందుకో చెప్పలేదు. మేం వినకుండా బయలుదేరాం. ఇంకా రెండు మైళ్ల దూరంలో ఉండగానే చప్పుడు వినబడింది. నా స్నేహితురాలు సైకిలాపి, సాంచెలేమో ఇక్కడ అనుకున్నానంది. సాంచెలు కావు, బండలకు తూట్లు పొడిచే కంప్రెసర్లు. గుట్ట మొదట్లో ఇనుప గొలుసు, కాపలావాడు. మేం వేసిన బాట మీద లారీ ఒకటి వెనక్కు వెనక్కు ఎక్కుతోంది. సీతాఫలం చెట్లు కొట్టి కుప్ప పోశారు. ఆకులింకా పూర్తిగా ఎండలేదు. పక్కన రేకుల షెడ్డు కింద, ఆ జీపు మనుషులిద్దరి మధ్యా, కుర్చీలో మా అన్న కూర్చుని ఉన్నాడు.

నన్ను చూసి లేచాడు కాని దగ్గరికి రాలేదు. నేనూ అటు పోలేదు. వెనక్కు తిరిగితే పెద్దవ్వ గడపలో కూర్చుని ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "నీ మాట మీదనే గదా బిడ్డా మేం ఊకున్నం" అంది. "నాకు తెల్వదు పెద్దవ్వా" అన్నాను. "నీకు తెల్వకపోవచ్చు తియ్" అంది కాని, ఆ మాటలో నమ్మకం లేదు. ఆ రోజు ఆమె నన్ను కూర్చోమనలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్న అన్నను బాపు ఎదుటే నిలదీశాను. అతను కోపగించుకోలేదు. "గుట్ట ఏమన్న మనదా? సర్కారుది. నేను చూపియ్యకుంటె ఇంకొకడు చూపిస్తుండె. కాంట్రాక్టరు కింద ఇంకెన్నేండ్లు చెయ్యాలె నేను?" అన్నాడు. "మరి నాతోని ఎందుకు చెప్పిచ్చినవన్నా? నువ్వే చెప్పకపోయినవా?" అన్నాను. అన్న అన్నం కలుపుకుంటూ, ఎంతో మామూలుగా, ఇంచుమించు మెచ్చుకుంటున్నట్టుగా అన్నాడు, "నేను జెప్తె నమ్మరు. నీ మొహం చూస్తె ఎవ్వరన్న నమ్ముతరు చెల్లె." బాపు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అవ్వ మాత్రం అన్నకు ఇంకొంచెం కూర వేసింది.

పట్టుదలకు పోయి నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. నా స్నేహితురాలు, ఊరి ఆడవాళ్లు కూడా వచ్చారు. ప్రతి గదిలోనూ కూర్చోబెట్టి మర్యాదగానే విన్నారు. బాట వేసింది మీరే కదమ్మా అని ఒకాయన అన్నప్పుడు అక్కడి నుంచి లేచి వచ్చేశాం. తాంబేలు తల ముందు పోయింది, వీపు తర్వాత పోయింది. కాయలమ్మిన ఆడవాళ్లు కొందరు బీడీలు చుట్టడానికి కుదిరారు, కొందరు అదే క్వారీలో కూలికి పోయారు. పెద్దవ్వ పోయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా సైకిల్ సంఘం ఆగిపోతుందని ఎవరూ చెప్పలేదు. ఒక రెండో శనివారం ఎవరూ రాలేదు, అంతే. మా చిన్నమ్మ కొడుకు అన్న దగ్గరే పనిలో చేరాడు. నా స్నేహితురాలు సిరిసిల్లకు బదిలీ చేయించుకుని, నాతో స్నేహం మానకపోయినా, మా ఇంటి గడప మాత్రం మళ్లీ తొక్కలేదు.

అన్న పెద్దవాడయ్యాడు. పెద్ద ఇల్లు కట్టాడు. బాపు చివరి రోజుల్లో మందులకూ మంచానికీ ఏ లోటూ రానివ్వలేదు. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. మా చర్చిలో పాత బండలు పెకిలించి నున్నటి రాయి పరిపించాడు. ముదురు గోధుమరంగు మీద ఎర్రటి మచ్చలుండే రాయి. పాస్టరుగారు అతని పేరు చెప్పి ప్రార్థన చేస్తే అందరూ ఆమెన్ అన్నారు. ఆ రాయి ఏ గుట్టదో నేను ఎవరినీ అడగలేదు. చాలా ఏళ్లు ప్రార్థనలో మోకరించకుండా బెంచీ మీదే కూర్చున్నాను. ఇప్పుడెలాగూ మోకాళ్లు వంగవు.

ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. పండుగలకూ చావులకూ కలుస్తాం, మాట్లాడుకుంటాం. పోయిన క్రిస్మస్‌కు అతని మనవలంతా చుట్టూ చేరితే, సైకిళ్ల ముచ్చట్లు చెబుతూ అన్న తాంబేలుగుట్ట గురించి కూడా మొదలుపెట్టాడు. పొద్దు పొడిచేటప్పుడు పైనుంచి చెలకలు ఎలా కనపడేవో, గాలి ఎలా వీచేదో, అంత అందంగా నేను కూడా చెప్పలేను. అందులో అబద్ధం లేదు, నటన లేదు. అతను ఆ గుట్టను నిజంగానే ప్రేమించాడని ఆ పూట నాకు మొదటిసారి అర్థమైంది. అమ్మినవాడికి ప్రేమ లేదనుకుంటే ఇన్నాళ్లూ నాకు కొంత ఊరటగా ఉండేది. ఆ ఊరట కూడా పోయింది.

చెబుతూ చెబుతూ ఆగి నా వైపు తిరిగాడు. "పొద్దుగాల ఒక పిట్ట ఒర్రుతుండె గదనే చెల్లె, ఏం పిట్ట అది? పేరు నోట్లెనే ఉన్నది, వస్తలేదు."

నాకు తెలుసు. కౌజు పిట్ట. "యాదికి లేదన్నా" అన్నాను.

అతను పేరు గుర్తు రాక, వేరే ముచ్చట్లోకి పోయాడు. ఆ గుట్ట ఎక్కినవాళ్లలో కొందరు పోయారు, కొందరు ఎక్కడున్నారో తెలియదు. నా స్నేహితురాలు పోయి మూడేళ్లవుతోంది. పిట్టలు కూడా లేచిపోయాయి. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతే, గుట్ట ఉన్నచోట నీళ్లు నిండిన పెద్ద గుంత, దాని చుట్టూ కంచె కనబడతాయి. బస్సులోవాళ్లెవరూ అటు చూడరు. అక్కడ ఒక గుట్ట ఉండేదని చెప్పుకోవాలంటే నాకు ఈ లోకంలో మిగిలింది మా అన్న ఒక్కడే, అతనితో చెప్పుకోలేను.