ఏడు దెబ్బల తిట్టు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, ఇంకా మంచినీళ్లయినా తాగకముందే మా చెల్లెలి కూతురు ఫోను పట్టుకుని నా ముందర కూర్చుంది. పులివెందులలో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకు జమ్మలమడుగు వస్తే మా ఇంట్లోనే మకాం. ఆ ఫోనులో ఎక్కడెక్కడివాళ్లో ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారు. గొడవ ఏమిటయ్యా అంటే, ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతంలో బూతులు ఉండవచ్చా, ఉండకూడదా; పాటలో ఉంటే ఉన్నాయి, స్టేజీ మీద జనం ముందర మైకులో అనవచ్చా అని. వద్దనేవాళ్లు కూడా బూతులతోనే వద్దంటున్నారు, అది వేరే సంగతి. "పెద్దమ్మా, నువ్వు గూడా అట్లాంటి బ్యాండులో వాయించినావంట గదా, నువ్వేమంటావు?" అంది. నేనేమంటాను? పప్పు పొయ్యి మీద పెట్టాలని వంకపెట్టి వంటింట్లోకి పోయాను. ఆ బ్యాండు కథలో నవ్వుతూ చెప్పుకునే సగం ఉంది, చెప్పుకోలేని సగం ఉంది.

వాయించిన మాట నిజమే. చీర కొంగు నడుముకు దోపుకుని, చర్చిలో కీర్తనలకు వాయించే కీబోర్డునే ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని ప్రొద్దుటూరు పోయి వాయించాను. నా వెనక చాలా ఏళ్లకు పుట్టిన మా తమ్ముడు, వాడి స్నేహితులు ఇద్దరు కలిసి బ్యాండు పెట్టారు. ఇద్దరిలో ఒకడు ప్రొద్దుటూరు బట్టల కొట్టాయన కొడుకు. కొట్టు పైన మిద్దెలో సరుకు దాచే గదే మా ప్రాక్టీసు గది. గోడల పొడవునా చీరల మూటలు, లుంగీల కట్టలు. ఎంత గట్టిగా వాయించినా ఆ గుడ్డలు శబ్దాన్ని తాగేసేవి. కింద చీరలు బేరమాడే ఆడవాళ్లకు పైన ఎవరో పిండి మర ఆడిస్తున్నట్టు ఉండేదట. కొత్త గుడ్డ గంజి వాసన తగిలితే ఈరోజుకీ నా వేళ్లు వాటంతటవే కదులుతాయి. కీబోర్డు వచ్చినవాళ్లు పెళ్లిపాటలు తప్ప వాయించమనడంతో తమ్ముడు నా కాళ్లావేళ్లా పడ్డాడు. "అక్కా, నువ్వు పాడాల్సిన పని ల్యా, నోరు తెరవాల్సిన పని గూడా ల్యా" అన్నాడు. నన్ను నోరు తెరవొద్దన్నవాళ్లలో క్షేమంగా ఉన్నది వాడొక్కడే.

ఈ ప్రోగ్రెసివ్ రాక్ అనేది మామూలు పాటలా పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అని బుద్ధిగా ఇల్లు చేరదు. సాగుతూనే ఉంటుంది. మధ్యలో తాళం మారుతుంది, వేగం మారుతుంది, పాడేవాడు చాలాసేపు ఊరికే నిలబడి ఉండి మళ్లీ ఎక్కడో అందుకుంటాడు. మా నాయన జమ్మలమడుగు చర్చిలో పాటల బృందానికి మాస్టరు. ఒకసారి విని, "ఏందిరా ఇది, పాట మొదలైనప్పుడు ఎసరు పెడితే, అన్నం తిని కంచాలు కడుక్కున్యాక గూడా అయిపోదే!" అన్నాడు. అన్నాడే గానీ లేచిపోలేదు, తల ఒక పక్కకు వంచి చివరిదాకా విన్నాడు. "ఆ డ్రమ్ముల పిల్లోడు మాత్రం పనోడు" అని కూడా అన్నాడు. మా నాయన నోట మెచ్చుకోలు రావడం అంటే మా ఊళ్లో మే నెలలో వాన పడడమే.

ఆ డ్రమ్ముల పిల్లవాడు బ్యాండులో మూడోవాడు. పులివెందుల పక్క పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. తండ్రి అప్పటికే పోయాడు, మంద అమ్మేశారు, తల్లి ఒక్కతే ఇంత శనక్కాయ చేను చూసుకుంటూ వాణ్ణి చదివించింది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. నన్ను "అక్కా" అని పిలిచి, నా ముందర ఒక్క చెడ్డ మాట రాకుండా నాలుక కరుచుకుని మాట్లాడేవాడు, పాపం. వాడి అవస్థ చూసి నాకే జాలివేసేది. ఎందుకంటే తిట్టు లేకుండా వాక్యం పూర్తి చేయడం ఆ పిల్లవాడికి చేతనయ్యేది కాదు. అసలు మా వైపు మాటే కోస్తావాళ్లకు తిట్టులాగా వినబడుతుంది. మా ఊరి బడికి బదిలీపై వచ్చిన ఒక టీచరమ్మ, పక్కింటావిడ భోజనానికి పిలిస్తే కొట్లాటకు వచ్చిందనుకుని తలుపేసుకుంది. మా ఇంట్లో మాత్రం నోరు జారితే ఊరుకునేవాళ్లు కాదు. మా నాయన నోట వచ్చే అతి పెద్ద తిట్టు "ఓరి అవిశ్వాసీ!"

వాళ్ల పెద్ద పాట ఒకటి ఏడు దెబ్బల తాళంలో ఉండేది. ఒకటి, రెండు, మూడు అని తమ్ముడు లెక్కపెట్టి ఎత్తుకుంటే ఎవరికీ కుదిరేది కాదు. ఎనిమిదికి అలవాటుపడిన చేతులు లేని ఎనిమిదో దెబ్బ కోసం ఎదురుచూసేవి. ఒకరోజు పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా తప్పుతూనే ఉన్నాం. డ్రమ్ముల పిల్లవాడికి విసుగొచ్చి, నేనున్న సంగతి మరిచి, గొంతెత్తి ఒక తిట్టు తిట్టాడు. మంద చేను మీద పడితే మళ్లించడానికి వాళ్ల నాయన గట్టు మీద నుంచి అరిచే తిట్టు అది. దాన్ని ఇక్కడ రాయను. గొర్రె తల్లి దగ్గర మొదలై దాని వంశమంతా తిరిగొస్తుంది. ఆ తిట్టు సరిగ్గా ఏడు దెబ్బలుంది. దాని వెనకే మేం నలుగురం ఒక్కసారిగా పడ్డాం, పాట గాడిలో పడిపోయింది. అందరం నవ్వాం, నేను కూడా నవ్వాను, కొంగు అడ్డం పెట్టుకుని. ఆరోజు నుంచి ఆ పాటకు ఎత్తుగడ అదే. వాడు అరిచేవాడు, మేం మొదలుపెట్టేవాళ్లం. ప్రొద్దుటూరులో ఒకచోట స్టేజీ మీద కూడా అరిచాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు, ముందు వరుస పెద్దమనుషులు లేచిపోయారు. పాట సగానికి వచ్చేసరికి ఆ ఈలలు వేసినవాళ్లే నోరు తెరుచుకుని కూర్చున్నారు.

క్రిస్మసుకు మా నాయన వాణ్ణి చర్చిలో ఏడు దెబ్బల కీర్తన ఒకదానికి డ్రమ్ములు వాయించమని పిలిచి, ఆ మాట బదులు హల్లెలూయా అని లెక్కపెట్టుకోమన్నాడు. వాడు ఎంతో భక్తిగా ప్రయత్నించాడు. పాట మూడుసార్లు కుంటింది. చివరికి పెదవులు కదలకుండా లోపల ఏదో అనుకుని అద్భుతంగా వాయించాడు. లోపల ఏమనుకున్నాడో మా నాయనకు తెలుసు. పైకెత్తిన చేతి వెనక ఆయన నవ్వు నాకు కనబడింది.

ఆ ఎండాకాలం వాడు మా ఇంట్లో అన్నం తిని, బైకు మీద ఊరికి బయల్దేరి, ముద్దనూరు దాటాక నాపబండల లారీ కింద పడ్డాడు. పట్టపగలు. అంతకు మించి రాయడం నా వల్ల కాదు. మా ప్రాక్టీసులన్నీ వాడి ఫోనులోనే రికార్డయి ఉండేవి. ఆ ఫోను వాడితో పాటే నుజ్జయింది. తమ్ముడి ఫోనులో మిగిలింది ఒక చిన్న వీడియో. ఎప్పుడో సరదాకు తీసింది. డ్రమ్ముల పుల్లలెత్తి వాడు ఆ తిట్టు అరుస్తాడు, అంతే, అక్కడికి అయిపోతుంది.

కొన్నాళ్లకు వాడి పేర పులివెందులలో ఒక కల్యాణమండపంలో సభ పెట్టాలనుకున్నారు మిగిలిన ఇద్దరూ. తల్లికి దగ్గరని అక్కడ. కబురు చెప్పడానికి తమ్ముడు ఫోను చేస్తే ఆమె ఒక్కటే అడిగిందట: "ఇంగేం వద్దు నాయనా. మావాని పాట ఒగసారి ఇంటే సాలు." డ్రమ్ములకు కడప నుంచి మనిషిని మాట్లాడారు. ఆ వీడియోలోని అరుపును ముందు స్పీకర్లలో వినిపించి, దాని మీదనే పాట ఎత్తుకోవాలని తమ్ముడి ఆలోచన. పోయినవాడే పాట మొదలుపెట్టినట్టు ఉంటుందని.

మైకులు, స్పీకర్లు చర్చివి; మా నాయన సరే అంటేనే అవి గడప దాటుతాయి. ఆయన అన్నీ విని, "ఆ మాట మాత్రం వద్దు" అన్నాడు.

"వాని లెక్క అది నాయనా, తిట్టు కాదు" అన్నాడు తమ్ముడు.

"దేవుని వాక్యం చదివే మైకురా అది. సరే, మైకు సంగతి నేను దేవునికి చెప్పుకుంటా. ఆ తల్లి ముందు వరసలో కూసోనుంటది. కడుపు కాలిన మనిషి. ఊరోళ్లంతా వింటాంటే, పోయిన కొడుకు నోట్లో నుంచి బూతు వినిపిస్తారా ఆమెకు? నీ కొడుకు ఇట్లాంటోడమ్మా అని చెప్పనీకెనా సభ?"

"పాట అట్లనే మొదలైతాది నాయనా, అది తీసేస్తే వాడే ఉండడు" అని నేనూ గొడవపడ్డాను. నాయన ముందర నా మాట ఎప్పుడు నెగ్గింది గనక! పైగా ఆయన కళ్లలో నీళ్లున్నాయి. తమ్ముడు తల వంచుకుని ఒప్పుకున్నాడు.

సభ రోజు సాయంత్రం ఆ తల్లి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి. బ్యాండు పిల్లోళ్లకని శనక్కాయలు ఉడకబెట్టుకుని తెచ్చిందట. ఎవరెవరో మాట్లాడారు, మంచి పిల్లవాడన్నారు, పూలదండ వేశారు. తర్వాత కడప మనిషి పుల్లలతో టకటకమని కొట్టి ఎత్తుకున్నాడు. తప్పేమీ లేదు, శుభ్రంగా వాయించాడు. మేమూ శుభ్రంగా వాయించాం. నేను కీబోర్డు మీద నుంచి తలెత్తినప్పుడల్లా ఆమె మొహమే కనబడేది. ఏడవడం లేదు. బస్సు కోసం కూర్చున్న మనిషిలాగా ఓపికగా చూస్తోంది. ఎంత గుండె నిబ్బరమో అనుకున్నాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

జనం పల్చబడ్డాక ఆమె స్టేజీ దగ్గరకు వచ్చి సంచి నా చేతిలో పెట్టింది. "శానా బాగ వాయించినారు పాపా. పొద్దు పోతాంది, మాకు బస్సుండాది. ఇంగ మావాని పాట ఎప్పుడు మొదలు పెడతారు?"

మా తమ్ముడు మెల్లగా అన్నాడు, "అదేనమ్మా, ఇప్పుడు వాయించింది."

"కాదు నాయనా" అంది ఆమె, వాడికి తెలియదేమోనన్నట్టు. "మావాడు అరుస్తాడే, వాళ్ల నాయన గొర్రెలను అరిసినట్ల. ఆయప్ప గొంతే అచ్చం. నేను చేన్లో కాయలు ఏరుతాంటే ఫోన్లో ఎన్ని తూర్లు ఇనిపించినాడో. అరిసినాక గదా పాట వచ్చేది? అప్పట్నుంచీ దానికోసరమే కూసోనుండా."

మా నాయన పక్కనే మైకు వైరు మోచేతికి చుట్టుకుంటున్నాడు. చెయ్యి ఆగిపోయింది. వైరు కింద పెట్టి, "ఆయమ్మకు పెట్టరా" అన్నాడు.

మా తమ్ముడు ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఆ ఏడు దెబ్బలూ వినిపించాయి. ఆమె మొహం వెలిగిపోయింది, నవ్వింది కూడా. "ఆఁ, ఇది! ఇదే!" అని, తల కాస్త వంచి, తర్వాత వచ్చే పాట కోసం ఆగింది. తర్వాత ఏమీ లేదు. డ్రమ్ములు ఆటో ఎక్కిపోయాయి, కడప మనిషి వెళ్లిపోయాడు, నా కీబోర్డు గుడ్డలో చుట్టి ఉంది. ఆమె ఆ మౌనాన్ని కాసేపు విని, "మళ్లా పెట్టు నాయనా" అంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ నవ్వింది, మళ్లీ తల వంచి ఆగింది. ఆమె తమ్ముడు వచ్చి బస్సుకు వేళయిందని చెయ్యి పట్టుకునేదాకా అట్లాగే.

తిరుగుదారిలో ముద్దనూరు వచ్చింది. అక్కడ మా నాయన, "ఆయమ్మ కోసరమే గదమ్మా నేను వద్దన్నది" అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆ బ్యాండు కూడా ఆ సాయంత్రంతోనే సరి. తమ్ముడు ఎర్రగుంట్లలో ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఎన్ని ఫోనులు మార్చినా ఆ వీడియోను మాత్రం ఒకదాంట్లో నుంచి ఒకదాంట్లోకి మోసుకుపోతున్నాడు. ఆ శనక్కాయలు మా ఇంట్లో ఎవరూ తినలేకపోయారు.

పప్పు ఉడికింది. మా పిల్ల ఇంకా వంటింటి గడపలో నిలబడే ఉంది. "చెప్పు పెద్దమ్మా, ఉండొచ్చా, వద్దా?" "నువ్వు అన్నం తిను ముందు" అన్నాను. ఇన్నేళ్లలో నేను ఎన్ని పాటలు ఎత్తుకున్నానో, ఎన్ని ముగించానో. ఆ ఒక్కటి మాత్రం, వాడు అరిచి ఎప్పుడో అయిపోయింది, ఆమె తల వంచి ఆగే ఉంది, మేం ఇంకా మొదలుపెట్టలేదు.