అక్క చేతి కొబ్బరినూనె

తొంభైలలో, ధర్మవరంలో ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక చిన్న తెల్ల పామెరేనియన్ కుక్క ఉండేది. ఒక చలికాలం దాని ఒంటి నుంచి పొట్టు రాలడం మొదలైంది. నాకసలే శుభ్రం పిచ్చి. అది మురికే అనుకుని రోజూ వేడినీళ్లు పోసి, సబ్బుతో రుద్దేదాన్ని. పొట్టు ఇంకా ఎక్కువైంది. నేను కుక్క మీదే విసుక్కునేదాన్ని.

పక్కింట్లో పట్టుచీరలు నేసే అక్క ఒకరోజు అది చూసి గబగబా వచ్చింది. "ఏమ్మా, రోజూ ఉతికేకి అదేమన్నా గుడ్డా? చర్మం ఎండిపోయి పొట్టు లేస్తాండాది" అని నా చేతిలో సబ్బు లాక్కుంది.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం మగ్గం దిగాక వచ్చి, అరచేతిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసుకుని, వెంట్రుకలు పాయలు తీసి దాని చర్మానికి పట్టించేది. రెండు వారాలకు పొట్టు తగ్గింది.

"ఇంక నేను రాస్తాలే అక్కా, నీకెందుకు శ్రమ" అన్నాను.

ఆమె పగుళ్లు పడిన చేతులు చూపించి నవ్వింది. "పట్టుకు మరక పడతాదని పగలంతా నూనె ముట్టేకి లేదు. నా చేతులకని నేనెప్పుడూ రాసుకోలే. నీ కుక్క పుణ్యమా అని ఇంత తగులుతాండాది."

మర్నాటి నుంచి ఆమె అరచేతిలో నూనె నేనే పోసేదాన్ని, కుక్కకు కావలసినదానికన్నా కాస్త ఎక్కువగానే.