మా ఆయన ఎంచిన రివాల్వర్

దోహాలో నేనున్న ఆఖరి చలికాలం అది. అమ్మాయి పదో తరగతి. ఇంటర్మీడియట్‌కి దాన్ని తీసుకుని నేను విజయవాడ వెళ్ళిపోవాలని, ఆయన ఇంకో నాలుగైదేళ్ళు చమురు బావులున్న దుఖాన్‌లోనే డ్యూటీ చేసుకోవాలని తీర్మానమైపోయింది. ఎవరు తీర్మానించారని అడక్కండి. గల్ఫ్‌లో ఇలాంటివి ఎవరూ తీర్మానించరు, జలుబులాగా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వస్తాయి.

విజయవాడ శివారులో మాకొక కొత్త ఇల్లుంది. చుట్టూ హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు, తుమ్మచెట్లు, సగం లేచిన రెండు గోడలు. ఆ డిసెంబరులో మా తమ్ముడు ఫోన్ చేసి, వెనకవీధిలో ఉన్న ఒక్క ఇంట్లోనూ దొంగలు పడ్డారని, ఇంటావిడని కట్టేసి బీరువా ఖాళీ చేశారని చెప్పాడు. ఫోన్ పెట్టాక మా ఆయన సిగరెట్టు వెలిగించారు. తర్వాత ఒకే మాట అన్నారు.

"నువ్వు వెళ్ళేలోపు రివాల్వర్‌కి లైసెన్స్ తీసుకోవాలి."

"నన్ను వెళ్ళనివ్వకుండా ఉంటే తేలిగ్గా పోతుందిగా?" అన్నాను.

"పిల్ల చదువు?"

పిల్ల చదువు అన్నాక ఇంకేం వాదిస్తాం. నేను ఎమ్మే పొలిటికల్ సైన్స్. రెండు పక్షాల తరఫునా నేనే వాదించగలను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఎప్పుడూ నోరు మూతపడేది.

ఇక గురువారం వస్తే చాలు, అల్ హిలాల్ పేటలో మా ఇంట్లో ఆయుధాల సభ. ఇక్కడ వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు కాబట్టి ఆయన బుధవారం సాయంత్రం కంపెనీ బస్సులో దుఖాన్ నుంచి వస్తారు, శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్న గురువారం భోజనానికి ఒక స్నేహితుడు వచ్చేవాడు. గుడివాడ దగ్గరి ఊరు, క్రైస్తవులు. మిలిటరీలో హవల్దారుగా చేసి, ఇక్కడ ఒక క్యాంప్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా ఉన్నాడు. మా ఆయనకి అతనే ఆయుధ నిపుణుడు.

"పిస్టల్ వద్దన్నయ్యా. స్లైడ్ వెనక్కి లాగడానికి వేళ్ళలో బలం కావాలి. కంగారులో సేఫ్టీ తియ్యడం మర్చిపోతారు. ఆడవాళ్ళకి రివాల్వరే. గుళ్ళు వేసి పెట్టుకోవడం, నొక్కడం."

"ఆడవాళ్ళకి అంటే ఎవరికి? ఆ ఆడవాళ్ళు ఇక్కడే సాంబారు వడ్డిస్తున్నారు, అడగొచ్చు," అన్నాను.

"అబ్బే, మీ మాట కాదు వదినగారూ, మామూలుగా..."

"మా నాన్న రంపచోడవరం అడవుల్లో రేంజర్. ఆయన రివాల్వర్ నూనె పెట్టి తుడిచింది నేను. సత్తుగిన్నె మీద గురిపెట్టి కాల్చింది కూడా నేనే. మీ అన్నయ్యగారు ఇప్పటిదాకా కాల్చింది సిగరెట్టు ఒక్కటే."

అమ్మాయి పకపకా నవ్వింది. ఆయన ముఖం గంటుపెట్టుకుని పెరుగు కలుపుకున్నారు.

కాల్చానని చెప్పానుగానీ ఆ గిన్నెకి తగల్లేదని చెప్పలేదు. మణికట్టు ఎగిరిపడింది, చెవుల్లో ఆ పూటంతా గుయ్యిమంది. నాన్న నవ్వలేదు. అది ఇచ్చేసి వెళ్ళి అన్నం తినమన్నాడు.

ఆయన ఎక్కడో ఒక ఇంగ్లీషు పత్రిక కొనుక్కొచ్చి అందులో తుపాకీల ప్రకటన చూపించారు. ఒక ఆడమనిషి పిస్టల్ పట్టుకుని నిలబడిన ఫొటో. ఇక్కడ సెన్సారు వాళ్ళు విదేశీ పత్రికల్లో ఆడవాళ్ళ ఒళ్ళు ఎక్కడ కనిపించినా నల్లసిరాతో పులిమేస్తారు. పిస్టల్ నిగనిగా మెరుస్తోంది. దాన్ని పట్టుకున్న మనిషి మెడా భుజాలూ లేవు, నల్లటి మచ్చ ఉంది.

"చూశారా, తుపాకీకి అభ్యంతరం లేదు. దాని వెనక మనిషికే," అన్నాను.

"నీకు అన్నీ వెటకారమే. ఇది ఎలా ఉందో చెప్పు."

"చేతిలోకి తీసుకోకుండా ఎలా చెప్పను? దోసెల పెనమైనా పట్టుకుని బరువు చూసి కొంటామే."

ఇక్కడ పట్టుకుని చూసే దారి లేదు. మనలాంటి వాళ్ళకి తుపాకీ 'మాఫీ', అరబ్బీలో లేదని అర్థం. ఖతరీల ఇళ్ళల్లో ఉంటాయేమో, మనకి కూరగాయల కత్తి దాకానే. అందుకని ఎంపిక అంతా నోటిమాటల మీదే జరిగింది. గొట్టం పొట్టిగా ఉండాలా, పొడుగ్గానా. మన దేశంలో తయారైన పాయింట్ త్రీటూ రివాల్వర్ మంచిదా, ఎవరైనా అమ్ముకునే పాత విదేశీది వెతకాలా. బీరువాలో తాళం వేసి పెట్టాలా, దిండు కింద పెట్టుకోవాలా. బీరువాలో పెడితే దొంగ నేను తాళంచెవి వెతికేదాకా ఆగుతాడా అని నేను. దిండు కింద పెడితే పక్కన పడుకున్న పిల్ల సంగతేమిటని మళ్ళీ నేనే. చివరికి ఆయన మన దేశపు రివాల్వర్ ఖాయం చేశారు. తమ్ముడితో దరఖాస్తు తెప్పించడమే మిగిలింది.

ఒక సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. దోహాలో నాకు భయం తెలియదు. శనివారం నుంచి బుధవారం దాకా అమ్మాయి స్కూలుకి పోయాక ఆ ఇంట్లో నేనూ ఏసీ చప్పుడూనే. మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, వీధిలో పిల్లి కూడా కదలదు. తలుపు గడియ పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి. ఎవరూ రారు. దొంగ కూడా రాడు. ఆ ఒంటరితనాన్నే ఇప్పుడు విజయవాడకి బదిలీ చేస్తున్నారు, పైన భయాన్ని కలిపి. దానికి విరుగుడుగా ఈయన ఒక ఇనపముక్క ఎంచుతున్నారు. భర్త ఉండాల్సిన చోట పెట్టుకోవడానికి తగిన సైజుది.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది. అమ్మాయి చదువుకోవడానికి అల్ ముంతజాలో స్నేహితురాలింటికి వెళ్ళింది.

"ఒకసారి రిహార్సల్ చేద్దాం. నేను దొంగని. నువ్వు లోపల పడుకో."

"మీకు దొంగ వేషం నప్పదు. మెట్ల మీదే దగ్గుతారు."

"యల్లా, లే! వాదించకు."

రివాల్వర్ బదులు పెద్ద టార్చిలైటు ఇచ్చారు. బరువు దాదాపు సరిపోతుందట, బటన్ నొక్కితే కాల్చినట్టు లెక్కట. పడగ్గదిలో ఎండ రాకుండా వేసుకున్న మందపాటి కర్టెన్లున్నాయి, లాగేస్తే పట్టపగలే చీకటి. ఆయన బయటికి వెళ్ళారు. నేను టార్చి పట్టుకుని మంచం మీద పడుకున్నాను.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆయన ఎంతకీ రాలేదు. వంటింట్లో ఫ్రిజ్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో విజయవాడ ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది, నిజంగానే టార్చిని రెండు చేతులా పట్టుకుని తలుపు వైపు గురిపెట్టాను. హాల్లో ఏదో కదిలింది. తలుపు పిడి తిరిగింది. నొక్కాను.

వెలుగు ముఖం మీద పడింది. ఆయనే. కళ్ళు చికిలించి, ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ.

"కాల్చావా?"

"కాల్చాను."

"పోయానా?"

"పోయారు."

"శభాష్!" అన్నారు.

నేను టార్చి ఆర్పలేదు. ఆ చికిలించిన కళ్ళు, ఆ నవ్వు నేను ఇంతకుముందు చూసినవే. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక్కరే గల్ఫ్‌కి వచ్చినప్పుడు, నేను గుంటూరులో అద్దె ఇంట్లో ఉండేదాన్ని. ఇంకా తెల్లవారకముందే ఎవరో తలుపు తట్టారు. లాంతరు పట్టుకుని తీస్తే ఈయన, తాళ్ళు కట్టిన సూట్‌కేసుతో. బొంబాయిలో దిగి, ఉత్తరం ముక్కయినా రాయకుండా రైలెక్కి వచ్చేశారు. "చెప్పి తగలడచ్చుగా, ఇంట్లో చారెడు బియ్యం కూడా లేవు" అన్నాను. రెండేళ్ళ తర్వాత కనిపించిన మొగుడితో నా మొదటి మాట అది.

మనవాళ్ళకి అదొక జబ్బు. ఎంతమందిని చూడలేదు! సెలవు దొరికిందని ఇంటికి చెప్పరు. అర్ధరాత్రో అపరాత్రో దిగి, గేటు దూకి, తలుపు కొట్టి, అవతలివాళ్ళు బిత్తరపోతే అదే పెద్ద బహుమానం అనుకుంటారు. మా హవల్దారు గారయితే "చెప్పి వెళ్తే మజా ఏముంది వదినగారూ" అనేవాడు. పోయినసారి గోడ దూకితే వాళ్ళావిడ రోకలి ఎత్తిందని అదే భోజనాల దగ్గర చెప్పి నవ్వించాడు. ఆ నోటితోనే మాకు రివాల్వర్ ఎంచి పెట్టాడు. ఇన్ని గురువారాలు మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ రెండూ కలిపి ఆలోచించాలని తోచలేదు.

"కళ్ళు పోతున్నాయి, ఆర్పవే," అన్నారు.

"ఆ రోజు గుంటూరులో నా దగ్గర లాంతరు బదులు అది ఉంటే?"

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చెయ్యి దించారు.

"ఆ శివారింటికి అపరాత్రి వచ్చే మగవాడు ఎవరో ఆలోచించారా? దొంగ వస్తాడో రాడో, మీరు మాత్రం తప్పకుండా వస్తారు," అన్నాను.

మంచం అంచున కూర్చున్నారు. "సరే. ఇకమీదట ఫోన్ చేసి వస్తాను. ఫలానా రోజు, ఫలానా రైలు, అన్నీ చెప్పి. అప్పుడు నీకు అనుమానం ఉండదు. ఫోన్ రాకుండా తలుపు కొట్టినవాడు నేను కాదని ఖాయంగా తెలుస్తుంది."

న్యాయంగా చెప్పాలంటే అది సరైన సమాధానమే. ఇంకెవరైనా చెప్పుంటే ఒప్పుకునేదాన్ని. కానీ దాని లెక్క నాకు వెంటనే తేలిపోయింది. అంటే, ఫోన్ రాని రాత్రుల్లో తలుపు చప్పుడైతే అది ఆయన అయ్యే అవకాశమే లేదన్నమాట. ఏడాదిలో ఒక నెల తప్ప మిగతా రాత్రులన్నీ అవే. చెవి తలుపు మీద వేసి పడుకునేదానికి ఆ మాత్రం ఆశయినా మిగలాలి కదా.

ఇది నోటితో అనలేదు. అనగలిగితే నేను నేనే కాదు.

"రివాల్వర్ వద్దు. కిటికీలకి గ్రిల్స్ పెట్టించండి. పైవాటా ఎవరికైనా అద్దెకిద్దాం, చీటికీమాటికీ పోట్లాడే సంసారమైతే ఇంకా మంచిది, ఎప్పుడూ మెలకువగా ఉంటారు. ఒక కుక్కని పెంచుతాను," అన్నాను.

"నేను చెప్పకుండా వస్తే కుక్క పీకదూ?"

"పీకితే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు. బతికే ఉంటారు."

ఆయన నవ్వారు. తర్వాత నావైపు చూసి, నెమ్మదిగా, "అయితే చెప్పకుండానే రమ్మంటావా?" అన్నారు.

"మీ ఇష్టం. ఇంట్లో బియ్యం ఉండేలా చూసుకుంటాలే," అన్నాను.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే సంచి సర్ది ఇచ్చాను, కంపెనీ బస్సుకి వెళ్ళిపోయారు. అమ్మాయి ఇంకా రాలేదు. టార్చిలైటు మంచం మీదే పడుంది. తీసి అలమరలో పెడుతుంటే కాలింగ్ బెల్ మోగింది. బస్సు తప్పిపోయుంటుంది అనుకున్నాను. ఎవరని అడగలేదు, తలుపు కన్నంలోంచి చూడలేదు, చెప్పుల్లేకుండా పరుగెత్తి తలుపు బార్లా తీసేశాను.

ఇస్త్రీ బట్టలు తెచ్చిన మలయాళీ. నా ముఖం చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"పూఛ్ కే ఖోల్నా, మేడమ్," అన్నాడు. అడిగి తలుపు తియ్యాలట.

నీకెందుకయ్యా అని తెలుగులోనే కసిరి, బట్టలు తీసుకుని, తలుపు వేసుకున్నాను. పైన మడతలో ఆయన చొక్కా ఉంది. దుఖాన్‌కి తీసుకెళ్ళాల్సింది, మర్చిపోయారు.