ఎర్రబండి పళ్ళ డాక్టరు

పళ్ళ డాక్టరు రోజూ తన చిన్న కారును, ఆ ఎర్రబండిని, పాత బనియనుతో తుడిచి, క్లినిక్ ముందు ఆపి, మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకునేవాడు. తోడల్లుడు రెండు తలుపుల పెద్ద స్పోర్ట్స్ కారు కొన్ననాటి నుంచి ఆ చూడటం మానేశాడు. "స్పీడు నలభై దాటితే భయపడే మనిషికి అంత కారెందుకండీ, చెప్పండి?" అని పేషెంట్లను అడిగేవాడు. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు ఏం చెబుతారు?

చివరికి ఒక ఆదివారం, అలాంటి కారునే నడిపి చూడటానికి షోరూముకు వెళ్ళాడు. పాతబండిని నడిపి చూసి వెల కట్టాలని అక్కడి మెకానిక్ దాని తాళాలు తీసుకున్నాడు. సేల్స్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, డాక్టరు పెద్దకారును కావాలనే తోడల్లుడి వీధిలోకి తిప్పాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. ఉసూరుమంటూ మెయిన్‌రోడ్డెక్కేసరికి, పక్కనుంచి ఓ ఎర్రబండి రయ్యిమని దూసుకెళ్ళి మలుపులో చేపపిల్లలా జారిపోయింది. తనదే! ఇన్నేళ్ళూ లోపల కూర్చున్నాడే గాని, అది పరుగెత్తుతుంటే బయటినుంచి ఎన్నడూ చూడలేదు. స్టీరింగు పట్టుకున్న మెకానిక్ మొహం వెలిగిపోతోంది. పేషెంట్లకు వద్దని చెప్పే పనే చేశాడు డాక్టరు, పళ్ళు పటపట కొరికాడు. "ఎవడబ్బ సొమ్మని అలా తోలుతున్నాడు?"

తిరిగి రాగానే సేల్స్‌మన్, "కారు నచ్చిందా సార్?" అన్నాడు. డాక్టరు మెకానిక్ చేతిలోంచి తాళాలు లాక్కుని, ఎర్రబండిలో కూర్చున్నాడు. కాళ్ళు పెడళ్ళకు అందలేదు. మొహం మాడిపోయింది.

"సీటు కూడా జరిపావా!"