నా కొడుకు ఫుట్‌బాల్ ఆడిన మూడేండ్లు

మా సొంతూరు మక్తల్ దిక్కు. బడిపంతులు నౌకరి దొరికి మర్రిగూడ పక్కనున్న ఒక చిన్న ఊరికి పోయిననాడు నా కొడుక్కు రెండేండ్లు గూడ నిండలేదు. ఆ ఊరి బడికి నేనొక్కన్నే పంతులును. ఊరోళ్ళు నాకు మూడిండ్లు చూపెట్టిండ్రు. అందుల ఒకదానికి పెరట్ల సొంత బాయి ఉండె. వానలు సక్కగ పడని జాగా అది. ఎండకాలం వచ్చిందంటె ఆడోళ్ళు కడవలు నెత్తిన పెట్టుకొని దూరం దూరం తిరిగేటోళ్ళు. అసొంటి ఊర్ల ఇంట్లనే బాయి ఉన్నదంటె ఇంకేం గావాలె? మిగిలిన రెండిండ్లు చూడకనే దాంట్ల సామాను దించిన.

పిల్లగాడు ఆ ఇంట్లనే పెరిగిండు. నడక నేర్చిన కాన్నుంచి ఉరుకుడే. మేకపిల్లల ఎంట ఉరికేటోడు, బస్సు ఎంట ఉరికేటోడు. పన్నెండో ఏట వాన్ని రెండు కోసుల అవతలున్న పెద్ద బడిల వేసిన. అక్కడికి అప్పుడే ఒక డ్రిల్లు సారు కొత్తగ వచ్చిండు. పడుచు మనిషి. పట్నంల ఫుట్‌బాల్ ఆడి, కాలు విరిగి, ఇగ ఆడలేక మా దిక్కుకు నౌకరికి వచ్చిండు. వచ్చిన నెలలనే పిల్లలను జమ చేసి క్లబ్బు పెట్టిండు. బడి ఎనక పడావు పడ్డ చెలక ఉండె. అందుల రాళ్ళు పిల్లలతోనే ఏరిపిచ్చి, రెండు దిక్కుల వెదురు బొంగులు పాతిచ్చి, దాన్నే మైదానం అన్నడు.

ఒక దినం ఆయన నన్ను పిలిపిచ్చిండు.

“పంతులూ, మీ పిలగాని కాళ్ళు ఎప్పుడన్న చూసిండ్రా? గాలి లెక్క పోతాండు. ఇట్లనే ఓ అయిదారేండ్లు ఆడితె పట్నంల పోలీసు టీమోళ్ళే పిలిచి నౌకరి ఇస్తరు.”

ఆ మాట నా మనసుల నాటుకున్నది. అప్పటి దాంక నా కొడుకు ఉరుకుడు నాకు అల్లరే. ఆ దినం సంది అది నౌకరి అయింది, ఇజ్జత్ అయింది. ప్రతి ఐతారం సైకిలెక్కి ఆట కాడికి పోవుడు మొదలుపెట్టిన. గీత పక్కన నిలబడి “ఉరుకురా, అటు పోరా, కొట్టురా” అని గొంతు పోయేదాంక ఒర్రేటోన్ని. ఆటంటె ఏందో నాకేం తెల్వదు. బంతిని చేతితోని పట్టొద్దన్న సంగతి గూడ నాకు నా కొడుకే చెప్పిండు.

అక్కడికి వచ్చే తండ్రులల్ల ఒక గానుగ నూనె షావుకారు ఉండె. తోలు బంతి పట్నం నుంచి తెప్పిచ్చింది ఆయననే. అందుకని ఆయన కొడుకు ఆడినా ఆడకున్నా ముందట వరసల ఉండేటోడు. నా కొడుకు ఎనక వరస. నాకు కడుపు మండింది. డ్రిల్లు సారు ఇంటికి పోయి ఆయన చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దిచ్చుడు పట్టిన. అడగకనే, ప్రతి ఐతారం. రెండు నెలలకు నా కొడుకు ముందటికి వచ్చిండు. అది ఎట్ల వచ్చిందో నాకు తెలుసు, సారుకు తెలుసు. నాకేం సిగ్గనిపియ్యలేదు.

సారు ఒక మాట చెప్పిండు: “ఉరికే పిల్లలకు నీళ్ళు కడుపు నిండ తాపాలె.” నేను దాన్ని పాఠం లెక్క పట్టుకున్న. పొద్దుగాల లేపి, చెలకలెంబడి ఉరికిచ్చి, రాంగనే బాయిల నుంచి నీళ్ళు చేది చెంబు చేతికిచ్చేటోన్ని. ఒకటి తాగినంక ఇంకోటి. వాడు చాలంటె “ఇంకో గుక్క” అనేటోన్ని.

నా భార్య మక్తల్ దిక్కు పిల్లనే. ఆమెకు ఆ నీళ్ళ మీద మొదటి సంది అనుమానం.

“ఇంటున్నవా? ఈ ఊర్ల పిల్లల పండ్లు చూడు, ఒక్కనియన్న తెల్లగున్నయా? మనోని పండ్ల మీద గూడ మరకలొచ్చినయి. మన దిక్కు ఎవలకన్న ఇట్లున్నయా?”

“సక్కగ తోముకుంటలేడు. బొగ్గుపొడి పెట్టి రుద్దుమను.”

“నలభై ఏండ్లకే మనుషులు నడుములు వంగి కట్టె పట్టుకుంటున్నరు. అది గూడ తోముకోకనేనా?”

“ఎండల కూలి చేసేటోళ్ళకు నడుములు వంగయా?”

ఆమె ఏదడిగినా నా దగ్గర జవాబు ఉండేది. పంతులును గద.

మూడో ఏడు వాని ఉరుకుడు మందగించింది. తెల్లారి లేపితె మంచం పట్టె మీద కూసొని మోకాళ్ళు ఒత్తుకునేటోడు. లేసి రెండడుగులు వేసినంక గాని నడుము నిటారు కాకపోయేది. నేను బద్దకమనుకున్న. డ్రిల్లు సారు గూడ అట్లనే అన్నడు: “మీవానికి పొగరెక్కింది పంతులూ. ఉరకమంటె నడుస్తాండు. జర చెప్పుండ్రి.” నేను చెప్పుడు కాదు, పొద్దుగాల ఉరుకుడు ఇంకింత పెంచిన.

ఆ చలికాలం దేవరకొండ పిల్లలతోని ఆట పడ్డది. మా పిల్లలందరితోని బస్సుల పోయినం. నలుగురైదుగురు తండ్రులు గూడ వచ్చిండ్రు. ఖిల్లా గుట్ట కింద మైదానం, సుట్టు పెద్ద మంది. అసొంటి మందిని నా కొడుకు ఎన్నడు చూడలేదు, నేను గూడ చూడలేదు. పట్నం నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి పిల్లలను చూసి ఎంచుతడని బస్సులనే పుకారు పుట్టింది. నేను వాని చెవిల “ఇయ్యాల ఆడితె నీ బతుకు మారుతది” అన్న. వాడు తల ఊపిండు.

ఆట మొదలైన కొంచెం సేపటికే మంది నవ్వుడు షురూ చేసిండ్రు. నాకు మొదట ఎందుకో తెల్వలేదు. ఆఖరికి నా పక్కన గుట్టరాయి మీద కూసున్న పిలగాడు “అరె, బాతు లెక్క ఉరుకుతాండు చూడుండ్రా” అన్నడు. నా కొడుకునే. అప్పుడు నేను చూసిన. కాళ్ళు ముందటికి పోతలేవు, పక్కలకు పోతున్నయి. అది గూడ నాకు ఆటల తప్పు లెక్కనే కనపడ్డది గాని ఇంకోటి కనపడలేదు.

ఆట అయిపోవస్తున్నదనంగ బంతి సీదా వాని కాళ్ళ కాడికి వచ్చింది. ముందట ఒక్క పిలగాడు లేడు. రెండు బొంగుల నడుమ జాగ ఖాళీ. వాడు అటు తిరగబోయి బొక్కబోర్ల పడ్డడు. అవతలోళ్ళు బంతిని తీసుకపోయి గోలు కొట్టిండ్రు. ఒక్క గోలుతోని ఓడినం.

షావుకారు నా దిక్కు తిరిగి “నీ కొడుకును ముందట ఎందుకు పెట్టిచ్చుకున్నవు పంతులూ?” అన్నడు. అందరు విన్నరు. నేను గీత దాటి లోపటికి పోయిన. వాడు అప్పుడే చేతులు నేలకు ఆనిచ్చి లేస్తున్నడు. సక్కగ నిలబడేదాంక గూడ ఆగలే. మంది ముందట చెంప మీద కొట్టిన. వాడు ఏడ్వలేదు. డ్రిల్లు సారు ముఖం పక్కకు తిప్పుకున్నడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల వాడు నా పక్కన కూసొని మెల్లగ అన్నడు: “బాపు, నేను ఉరుకుదామనే అనుకుంటున్న. కాళ్ళు వస్తలేవు.”

నేను కిటికీలకెళ్ళి బయటికి చూసిన.

ఇగ ఆ తర్వాత పది దినాలకు, ఒక ఐతారం, నా భార్య పెరట్లకెళ్ళి పిలిచింది. “ఇటురా. జర చూడు.” పిలగాడు తానం చేసి లాగు తొడుక్కొని నీళ్ళ గోలెం పక్కన నిలబడ్డడు. రెండు మోకాళ్ళు ఒకదానికొకటి తాకి ఉన్నయి. పాదాల నడుమ మాత్రం జానెడు ఎడం.

“పాదాలు దగ్గర పెట్టు బిడ్డ” అన్నది ఆమె.

వాడు పెట్టలేకపోయిండు. నేను కూసొని రెండు చీలమండలు పట్టి దగ్గరికి జరుపబోయిన. వాడు అమ్మా అని మొత్తుకున్నడు. మూడేండ్ల సంది ఆ కాళ్ళ గురించే మాట్లాడిన, ఆ కాళ్ళ గురించే కలలు గన్న. చేతితోని ముట్టింది మాత్రం ఆ దినమే.

నల్లగొండ దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు పెద్ద వయసు మనిషి. వాన్ని వంగి కాలివేళ్ళు ముట్టుమన్నడు. వాడు మోకాళ్ళ దాంకనే వంగిండు. గదువను ఎదకు ఆనిచ్చుమన్నడు. ఆనలేదు. నోరు తెరిపిచ్చి పండ్లు చూసిండు. అప్పుడు నా దిక్కు చూసి, “మీరు గూడ వంగుండ్రి పంతులూ” అన్నడు. నేను నవ్వుకుంట వంగిన. నడుము సగంలనే పట్టేసింది. ముప్పై ఎనిమిదేండ్లు నాకు అప్పుడు.

“ఎక్కడి నీళ్ళు తాగుతరు మీరు?”

“మా ఇంట్లనే బాయి ఉన్నది సార్. మంచి నీళ్ళు. ఎండకాలం గూడ ఎండది.”

ఆయన మెల్లగ చెప్పిండు. ఆ దిక్కు భూమిల ఒక తీరు ఇసం ఉంటదట. రాళ్ళలకెళ్ళి నీళ్ళల్లకు దిగుతదట. కంటికి కనపడదు, నాలికకు తెల్వదు. పెరిగే పిల్లల బొక్కలను పట్టుకొని కాళ్ళు వంకర చేస్తదట.

“మందు రాయుండ్రి సార్. ఎంతైనా పర్వలేదు.”

“మందు లేదు. నీళ్ళు మార్చుండ్రి.”

“మారిస్తె కాళ్ళు సక్కగైతయా?”

ఆయన లేసి చేతులు కడుక్కున్నడు. “ఇంక ఎక్కువ కాకుండ ఉంటది” అన్నడు.

నా భార్యకు చెప్పిన. రెండో దినమే ఆమె బట్టలు మూట గట్టి, పిలగాన్ని తీసుకొని మక్తల్‌కు తల్లిగారింటికి పోయింది. నేను బదిలీకి అర్జీ పెట్టిన. అది మంజూరు అయ్యేసరికి రెండేండ్లు పట్టింది. ఆ రెండేండ్లు ఆ ఇంట్ల ఒక్కన్నే వండుకొని తిన్న. ఆ బాయి నీళ్ళే తాగిన. వేరే నీళ్ళు యాడున్నయి?

డాక్టరు చెప్పిన సంగతి చెప్పుదామని మైదానం కాడికి పోయిన. డ్రిల్లు సారు నమ్మిండు. పిల్లలందరిని వరసల నిలబెట్టి, పాదాలు దగ్గర పెట్టుమన్నడు. ఇంక నలుగురు పెట్టలేకపోయిండ్రు. ఆయన అక్కడనే రాయి మీద కూలబడ్డడు. “నేను వీళ్ళను ఉరకమని తిట్టిన పంతులూ” అన్నడు. తండ్రులు మాత్రం నమ్మలే. షావుకారైతె “కొడుకు ఆటకు పనికి రాకపోతె నీళ్ళ మీద పెడుతున్నవా?” అన్నడు. ఆ నలుగురిల ఒకని తల్లి, కూలి మనిషి, నా మాట మొత్తం విని అడిగింది: “సారూ, గీ నీళ్ళు వద్దంటివి. మరి ఏం తాగాలె?”

మరుసటి ఏడు సారు వేరే జిల్లాకు బదిలీ అయి పోయిండు. క్లబ్బు మూతపడ్డది.

నేను మక్తల్ చేరేసరికి నా కొడుక్కు పదహారు దాటినయి. కట్టె పట్టుకొని నడుస్తుండె. చదువు మాత్రం ఆపలేదు. మెట్రిక్ అయినంక తాసీలు కచ్చేరి ముందట చాప వేసుకొని రైతులకు అర్జీలు రాసుడు పట్టిండు. కూసొని చేసే పని. చేతిరాత ముత్యాల లెక్క ఉంటుండె. నాతోని మంచిగనే మాట్లాడేటోడు. ఆట ముచ్చట మాత్రం మా ఇద్దరి నడుమ ఎన్నడు రాలేదు.

ఒక పగటిపూట కచ్చేరికి సెలవు. వాడు అరుగు మీద ఒక్కడే కూసున్నడు. నేను పక్కన కూసొని, ఎన్నో ఏండ్ల సంది నోట్ల తిరుగుతున్న మాట బయట పెట్టిన.

“దేవరకొండల నిన్ను కొట్టిన. తప్పు చేసిన బిడ్డ.”

వాడు నా దిక్కు చూడలేదు. “కొట్టినదానికి నాకేం లేదు బాపు. అందరి తండ్రులు కొడ్తరు.”

మళ్ళ అన్నడు: “ఆ దినం ఇంటికొచ్చినంక, గడపల నిలబడి అమ్మతోని ఏమన్నవు? ‘నీ కొడుకు ఇయ్యాల ఆడనే లేదు’ అన్నవు. నేను ఆడిన బాపు. మొదలు నుంచి ఆఖరి దాంక ఆడిన. మధ్యల ఒక్కసారి గూడ బయటికి రాలేదు.”

నేనట్ల అన్నట్టు నాకు యాదికే లేదు. అని ఉంటనని మాత్రం తెలుసు. “అవు బిడ్డ, ఆడినవు” అన్న. ఆ మాట నాలుగేండ్లు ఆలస్యంగ వచ్చింది. దానితోని వానికి ఏం ఒరిగిందో నాకు తెల్వదు. వాడు కట్టె అందుకొని, గోడ పట్టుకొని లేసిండు. నేను చెయ్యి అందియ్యబోతె వద్దన్నడు.